పిల్లల సాహస నవలలో బాలమేధావులు చేసిన రేడియో నిజంగా పలకాలా?

కాగితప్పడవ:
పది, పన్నెండేళ్ళ పిల్లల కోసం రాస్తున్న సాహస నవల ముసాయిదా గురించి ఈ ప్రశ్న. కథాకాలం 1986 ఆగస్టు, గోదావరి వరద. కోనసీమలో ఒక లంక. కనబడ్డ ప్రతి సామానూ విప్పి చూసే ముగ్గురు పిల్లలు: రాణి, బుల్లబ్బాయి, ఖాదర్. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ట్రాన్సిస్టర్ సెల్లులు అయిపోతాయి. వీళ్ళు సెల్లులు అక్కర్లేని క్రిస్టల్ రేడియో చేసి, విజయవాడ స్టేషన్‌లో వరద హెచ్చరిక వింటారు. తాతగారి కళ్ళజోడుతో నిప్పు రాజేసి పొగ పెడతారు. నాలుగు నూనె డబ్బాల తెప్ప మీద బయటపడతారు.

రేడియో ఘట్టం ఇలా ఉంది: "పైపుకి రాగి తీగ చుట్టి, బ్యాటరీ ఎలిమినేటర్‌లోంచి పీకిన డయోడు అతికించి, కొబ్బరిచెట్టు మీదికి ఏరియల్ లాగారు. మావయ్య కువైట్ నుంచి తెచ్చిన వాక్‌మన్ ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకోగానే వార్తలు ఖంగుమని వినిపించాయి."

ముసాయిదా చదివినవాళ్ళలో ఒకరు ఇందులో ఏదీ పనిచేయదు, అంతా మార్చాలన్నారు. ఇంకొకరు పిల్లల కథకి ఇంజినీరింగ్ లెక్కలెందుకు, వదిలెయ్యమన్నారు. మీ మాటేంటి?

పాతరేడియో:
మార్చాల్సిందే. ఆ రెండు వాక్యాల్లోనే మూడు తప్పులున్నాయండీ.

ఒకటి డయోడు, అంటే కరెంటుని ఒకవైపే పోనిచ్చే ముక్క. ఎలిమినేటర్‌లో (సెల్లుల బదులు ఇంటి కరెంటుతో రేడియో నడిపే పెట్టె) ఉండేది సిలికాన్ డయోడు. దాదాపు 0.6 వోల్టు దాటితే గాని అది సరిగా దారివ్వదు. అంత దూరపు స్టేషన్ నుంచి ఏరియల్‌కి వచ్చేది మిల్లీవోల్టుల లెక్క. జెర్మేనియం డయోడైతే 0.2 దగ్గరే పలకడం మొదలెడుతుంది. అప్పటి ట్రాన్సిస్టర్ సెట్లలో గాజు ఒంటితో ఉండే ఓఏ79 అదే.

రెండోది ఇయర్‌ఫోన్. వాక్‌మన్‌ది 32 ఓమ్‌ల సరుకు, అంటే కరెంటుకి అది పెట్టే అడ్డు చాలా తక్కువ. నేరుగా కలిపితే కాయిల్‌లో పుట్టిన కాస్త సిగ్నల్నీ అది మింగేస్తుంది. 2000 ఓమ్‌ల పాత హెడ్‌ఫోనో, క్రిస్టల్ ఇయర్‌ఫోనో కావాలి. క్రిస్టల్‌దైతే దానికి అడ్డంగా ఒక 47 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలి, లేకపోతే డయోడు దాటిన కరెంటుకి తిరుగుదారి ఉండదు. వాక్‌మన్‌దే వాడి తీరాలంటే పాత వాల్వు రేడియోలోంచి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ విప్పుకొచ్చి, ఎక్కువ చుట్లున్న వైపు డయోడుకీ, స్పీకర్ వైపు ఇయర్‌ఫోన్‌కీ కలపాలి.

మూడోది ట్యూనింగ్. అసలు కథ ఇక్కడుంది. 60 మిల్లీమీటర్ల పైపు మీద 26 గేజి ఎనామిల్ తీగ 80 చుట్లు పక్కపక్కనే చుడితే సుమారు 340 మైక్రోహెన్రీల ఇండక్టెన్స్ (కాయిల్ కొలత ఇది) వస్తుంది. తీగ 15 మీటర్ల పైచిలుకు పడుతుంది, మోటార్ వైండింగ్ షాపులో తూకానికి అమ్ముతారు. విజయవాడ 837 కిలోహెర్ట్జ్ పట్టాలంటే ఈ కాయిల్‌కి మొత్తం 106 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ (ఛార్జిని పట్టి ఉంచే సామర్థ్యం) ఉండాలి, అంతకు మించకూడదు. 20 మీటర్ల ఏరియలే 100 నుంచి 150 తెస్తుంది. స్టేషన్ మార్చడానికి తిప్పే గ్యాంగ్ కండెన్సర్ పూర్తిగా విప్పినా ఇంకో 15 దాకా మిగులుతుంది. అంటే ఏరియల్‌ని కాయిల్ పైకొసకి నేరుగా కలిపితే గ్యాంగ్ ఎంత తిప్పినా విజయవాడ తగలదు. పిల్లలు రాత్రంతా తిప్పుతూ కూర్చుంటారు. ఎర్త్ వైపు నుంచి 15, 20వ చుట్టు దగ్గర తీగని మెలిపెట్టి కొస తీసి ఏరియల్ అక్కడ కలిపితే స్టేషన్ దొరుకుతుంది.

ఇంతా చేస్తే వినిపించేది గుసగుస. ఖంగుమనడం మాత్రం ఉండదు.

బొమ్మలబడి:
పాతరేడియో గారూ, మీరు రాసింది రేడియో మెకానిక్ పాఠ్యపుస్తకం. పదేళ్ళ పిల్ల 106 పికోఫారడ్‌ల దగ్గర పుస్తకం మూసేస్తుంది.

కథ నిలబడేది లెక్క మీద కాదనడానికి సాక్ష్యం ఉంది. విలియం గోల్డింగ్ 'లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్' 1954లో వచ్చింది. దీవిలో చిక్కుకున్న పిల్లలు పిగ్గీ అనే అబ్బాయి కళ్ళజోడుతో నిప్పు రాజేస్తారు. పిగ్గీకి దూరపు చూపు ఆనదు, అంటే అది పుటాకార కటకం. ఎండని చెదరగొడుతుంది తప్ప ఒకచోట చేర్చదు. ఆ కళ్ళజోడుతో నిప్పు పుట్టదు. అయినా ఆ నవల బడుల్లో పాఠ్యపుస్తకమైంది, గోల్డింగ్‌కి 1983లో నోబెల్ వచ్చింది. ఆ నిప్పు కథలో చేయాల్సిన పని చేసింది, అంతే.

కటకం:
నోబెల్ వచ్చింది ఆ తప్పుకి కాదు కదండీ! పైగా ఆ నవలలో పిల్లలు ఆవిష్కర్తలు కారు. ఇక్కడ కథంతా వాళ్ళ చేతిపని మీదే నడుస్తోంది. డిటెక్టివ్ కథలో ఆధారం తప్పైతే ఊరుకుంటామా?

తాతగారిది చదువుకునే కళ్ళజోడైతే కుంభాకార కటకమే, కాబట్టి దారి తెరిచే ఉంది. కానీ పవరు చూసుకోవాలి. ప్లస్ 2 అయితే ఎండ 50 సెంటీమీటర్ల దూరంలో చేరుతుంది. అక్కడ సూర్యబింబం దాదాపు 4.7 మిల్లీమీటర్ల వెడల్పు. 45 మిల్లీమీటర్ల అద్దమైతే వేడి 90 రెట్లు చిక్కబడుతుంది. నల్లబట్ట మీద పొగ వస్తే గొప్ప. ప్లస్ 4 అయితే 25 సెంటీమీటర్లు, బింబం 2.3 మిల్లీమీటర్లు, 380 రెట్లు. ఎండిన కొబ్బరిపీచు అంటుకుంటుంది. ప్లస్ 4 సాధారణంగా పాతకాలపు చత్వారం కళ్ళజోళ్ళలో అరుదు, కానీ శుక్లాల ఆపరేషన్ అయి, లోపల లెన్సు వేయనివాళ్ళకి ప్లస్ 10 దాకా ఇచ్చేవారు. 1986లో అలాంటి సోడాబుడ్డి అద్దాలు పల్లెల్లో మామూలే. తాతగారికి అది పెట్టండి, సరిపోతుంది.

అసలు చిక్కు వేరే ఉంది. ఆగస్టు ముసురులో ఎండేదీ?

గట్టుమీద:
ఎండ సంగతి అలా ఉంచండి, నాలుగు డబ్బాల తెప్ప ముగ్గుర్ని ముంచుతుంది. 15 కేజీల నూనె డబ్బా గాలి బిగించి మూస్తే, సొంత బరువు పోను 15 కేజీలు మోస్తుందనుకోండి. నాలుగూ కలిపి 60. ముగ్గురు పిల్లలు తలా 35, వెదుళ్ళూ తాళ్ళూ 20, మొత్తం 125 కేజీలు. తొమ్మిది డబ్బాలైతే నీళ్ళు పైకి తగిలీ తగలకుండా తేలుతుంది. అలకి ఊగినా నిలబడాలంటే 14 పైన కావాలి. పైగా వాడేసిన డబ్బాకి పైరేకు కోసి ఉంటుంది. దాన్ని మూయడానికి రేకు ముక్క మాటు వేయాలి, లేదా గుడ్డ కప్పి తారు పోయాలి. మైనం నీటి తోపుడుకి ఊడొస్తుంది. కోసిన డబ్బాని బోర్లించి కట్టొచ్చనుకుంటారేమో, తెప్ప ఒక పక్కకి ఒరిగిందంటే గాలంతా బుడగలై పోతుంది.

ఇంకో మాట. అది ఏదో ఒక వరద కాదు. 1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ధవళేశ్వరం మీదుగా 35 లక్షల క్యూసెక్కులు పోయింది, అక్కడ మూడో హెచ్చరిక 17 లక్షలకి. ఆ ఉరవడిలో తెప్పని గెడతో నడపడం పెద్దవాళ్ళకే చేతకాదు. ఆ అధ్యాయం తీసెయ్యడమే మంచిది. చదివిన ఏ పిల్లాడైనా చెరువులో దించి చూస్తే?

బొమ్మలబడి:
గట్టుమీద గారు చెప్పిన ఆఖరి కారణం ఒప్పుకుంటాను. తెప్ప పోవాలి. కానీ మీ దారిన పోతే రేడియో తప్ప ఏమీ మిగలదు, ఆ రేడియో కూడా పట్టికలా తయారవుతుంది. నవలకి కావాల్సింది తప్పు ఎక్కడుందో వెతికే ఉత్కంఠ. దానికి ఒక్క కారణం చాలు, పది అక్కర్లేదు.

పాతరేడియో:
ఒక్కటే కావాలంటే ఎనామిల్. ఆ తీగ మీద సన్నటి వార్నిష్ పూత ఉంటుంది, చూపుకి రాగిలాగే కనబడుతుంది. కొసల్లో బ్లేడుతో గీకి, ఎర్రగా మెరిసే రాగి బయటపడేదాకా తీయకుండా మెలిపెడితే అన్నీ కలిపినట్టే ఉంటుంది, ఏదీ కలవదు. మొదటిసారి చేసేవాళ్ళందరూ ఆగేది ఇక్కడే. ఏ లెక్కా రాని పిల్లకీ ఇది అర్థమవుతుంది. రాణి గోటితో గీరి చూసి కనిపెట్టొచ్చు. ఏరియల్ చుట్టు సంగతి ఖాదర్‌కి వదిలేయండి, అంకెలు లేకుండా "కొస నుంచి కిందికి దించి చూద్దాం" అంటే చాలు.

స్క్రూడ్రైవర్:
అసలు తీగ చుట్టడమెందుకు అన్నా? మూగబోయిన ట్రాన్సిస్టర్ లోపలే అన్నీ ఉన్నాయి: ఫెర్రైట్ అనే నల్లటి కడ్డీ మీద మీడియం వేవ్ కాయిల్, దానికి సరిపడా గ్యాంగ్, ఐఎఫ్ కాయిల్ (రేకు డబ్బాలో ఉండే చిన్న కాయిల్) పక్కన ఓఏ79. ఏరియల్ తీగని ఫెర్రైట్ కడ్డీకి 8, 10 చుట్లు చుట్టి రెండో కొస ఎర్త్‌కి ఇచ్చి, డయోడుని గ్యాంగ్ మీద కలిపితే సగం పని అయిపోయినట్టే. జాగ్రత్తల్లా ఒక్కటే, ఆ కాయిల్ తీగ వెంట్రుకలంత సన్నటి పోగుల పేట. ఒక్క పోగు తెగినా సిగ్నల్ తగ్గుతుంది.

అప్పుడు కథలో బరువు పెరుగుతుంది. ఊళ్ళో ఉన్న ఒక్క రేడియోనీ పిల్లలు కోసేయాలి. సెల్లులు ఏ పడవ మీదైనా వస్తే అది మళ్ళీ పలికేదే. పెద్దవాళ్ళు ఒప్పుకుంటారా?

బొమ్మలబడి:
ఇది బాగుంది. ఇదైతే పికోఫారడ్‌లు ఎన్ని రాసినా చదువుతాను.

పాతరేడియో:
ఫెర్రైట్ దారి పనిచేస్తుంది, కాదనను. కానీ చదివిన పిల్లలు ఇంట్లో రేడియో కోస్తే తిట్లు రచయితకే. ఇంకా పెద్ద సంగతి, ఉరుములప్పుడు కొబ్బరిచెట్టు మీద 20 మీటర్ల తీగ చెవికి కలిపి కూర్చోవడం. ఇది మాత్రం కథలో రాసి తీరాలి. ఉరుములు మొదలయ్యేలోపే ఏరియల్ విప్పి, దూరంగా నేలకి కలిపేయాలి. కరెంటు తీగలకి అడ్డంగా లాగకూడదు. ఇంటి వైరింగ్‌ని ఎర్త్‌గా వాడకూడదు. తడిసిన తాడుతో చెట్టుకి కడితే సిగ్నల్ చెట్టులోంచే నేలకి జారిపోతుంది, మధ్యలో సైకిల్ ట్యూబు ముక్కో, పింగాణీ గుబ్బో పెట్టాలి. ఎర్త్‌కి మాత్రం వరదలో కొదవలేదు.

కటకం:
"బాలమేధావులు" అని అట్ట మీద వేయకండి, కాగితప్పడవ గారూ. మలావీ కుర్రాడు విలియం కామ్‌క్వాంబా 2001-02 కరువులో ఫీజు కట్టలేక బడి మానేసి, లైబ్రరీ పుస్తకంలో బొమ్మలు చూసి గాలిమర కట్టాడు. ట్రాక్టర్ ఫ్యాను, షాక్ అబ్జార్బర్, సైకిల్ డైనమో, కాల్చి చదును చేసిన పీవీసీ పైపు రెక్కలు, అన్నీ తుక్కులో ఏరినవే. ఫైలో ఫార్న్స్‌వర్త్‌కి టెలివిజన్ ఊహ వచ్చింది 14 ఏళ్ళప్పుడు, తెర మీద మొదటి గీత పడింది 1927లో, 21 ఏళ్ళకి. మీ పిల్లలు ఒక్క రాత్రిలో చేయాలంటే ముందే ఎక్కడో ఒకసారి చేసి పాడుచేసి ఉండాలి. మొదటి అధ్యాయాల్లోనే పెట్టేయండి.

కాగితప్పడవ:
తెప్ప తీసేస్తున్నాను. ఎండ లేదు కాబట్టి కళ్ళజోడూ పోయింది. రేడియో కోసే దారి తీసుకుంటాను, ఉరుముల జాగ్రత్త రాణి నాయనమ్మ నోట పెట్టిస్తాను. ఒక్క సందేహం. ఇయర్‌ఫోన్ ఒక్కటే, వినిపించేది గుసగుస. ఊరంతా ఎలా నమ్ముతుంది?

గట్టుమీద:
నమ్మాల్సిన పనిలేదు. రేవు మెట్లకి బద్ద పాతి, అంగుళాలు గీసి, అరగంటకోసారి బుల్లబ్బాయి చేత రాయించండి. రేడియోలో ధవళేశ్వరం మట్టం ఇంత అని ఒకసారి, మూడు గంటలయ్యాక ఇంత అని ఇంకోసారి వస్తుంది. రెండింటినీ బద్ద లెక్కతో పక్కపక్కన పెడితే సర్పంచ్ కళ్ళతోనే చూస్తాడు.

బొమ్మలబడి:
చూసినా ఒప్పుకోకూడదు, కనీసం ఇంకో అధ్యాయం దాకా. కోసింది సర్పంచ్ రేడియోనే అనుకుంటే ఆ కోపం ఉంటుందిగా.