బండి లెక్కలు: దేనిని దేనితో భాగించాలి?

లెక్కల మాస్టారు, హనుమకొండ

డిగ్రీ కళాశాలలో స్టాటిస్టిక్స్ చెబుతాను. సగటు, విచలనం, సంభావ్యత అన్నీ పరీక్ష రాసి మరిచిపోయే పాఠాలుగానే మిగిలిపోతున్నాయి. అదే పిల్లలు బండి మీద కాలేజీకి వస్తారు, ఇంట్లో కారో ట్రాక్టరో ఉంటుంది, పెట్రోలు ధర వాళ్లకు నోటికి వచ్చు. అందుకే ఈ ఏడాది ఉదాహరణలన్నీ రోడ్డు మీది నుంచే తీసుకోవాలని నిశ్చయించుకున్నాను. వాహనాల విషయంలో లెక్క వేసి చూశాక నిర్ణయం మారిన సందర్భాలు మీకుంటే రాయండి.

నేనే మొదలుపెడతాను. ఒక ఇంట్లో పాత జీపు లీటరుకు 10 కిలోమీటర్లు, చిన్న కారు 20 ఇస్తాయి. రెండూ నెలకు వెయ్యేసి కిలోమీటర్లు తిరుగుతాయి. ఒక్కదాన్ని మార్చడానికే డబ్బుంది. జీపు తీసేసి 12.5 ఇచ్చే బండి కొనాలా, కారు తీసేసి 25 ఇచ్చేది కొనాలా? క్లాసులో ఎక్కువమంది కారునే మార్చమంటారు. రెండున్నర కంటే ఐదు పెద్దది కదా! కానీ వెయ్యి కిలోమీటర్లకు జీపు తాగేది 100 లీటర్లు, దాని స్థానంలో వచ్చే బండి తాగేది 80. ఆదా 20 లీటర్లు. కారు 50 నుంచి 40కి వస్తుంది, ఆదా 10 లీటర్లే. వెళ్లాల్సిన దూరం ఎలాగూ మారదు, మారేది లీటర్లు. కాబట్టి వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని తిరగేసి రాసుకోవాలి. యూరప్‌లో అలాగే రాస్తారు. రిచర్డ్ లారిక్, జాక్ సోల్ అనే పరిశోధకులు 2008లో సైన్స్ పత్రికలో ఈ పొరపాటునే నిరూపించి చూపారు.

ట్రిప్ షీట్, కరీంనగర్

మాస్టారు గారూ, మీ పాఠానికి మా ఆఫీసే సరిపోతుంది. ఒక ట్యాక్సీ ట్రావెల్స్‌లో జమాఖర్చులు చూస్తాను. నెలాఖరున ఎవరి బండి ఎక్కువ మైలేజీ ఇస్తే ఆ డ్రైవరుకు బోనస్ ఇచ్చే పద్ధతి ఇక్కడ నేను చేరకముందు నుంచే ఉంది. వరుసగా ఒకే డ్రైవరుకు వెళ్తోంది. ఒకరోజు ఇంకో డ్రైవరు ట్రిప్ షీట్ల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టి, "ఊళ్లో తిప్పినవి వేరుగా, హైదరాబాద్ వెళ్లినవి వేరుగా కూడి చూడండి సార్" అన్నాడు. ఒక్కో షీటులో బయలుదేరినప్పటి రీడింగు, తిరిగొచ్చాక రీడింగు రాసి, ఫుల్ ట్యాంకు బిల్లు పిన్ను కొట్టి ఉంటుంది. సాయంత్రం దాకా కూర్చుని విడదీశాను.

అంకెలు గుండ్రం చేసి రాస్తున్నాను. అడిగిన డ్రైవరుకు ఊళ్లో 12, హైవే మీద 20 వస్తోంది. బోనస్ అందుకునే డ్రైవరుకు ఊళ్లో 11, హైవే మీద 19. అంటే రెండు చోట్లా అడిగినతనే మేలు. అయితే అతనికి ఊరి ట్రిప్పులు 1,200 కిలోమీటర్లు, హైవే 400. మొత్తం 1,600 కిలోమీటర్లకు 120 లీటర్లు, సగటు 13.3. రెండో అతనికి ఊళ్లో 220, హైవే 1,330. మొత్తం 1,550 కిలోమీటర్లకు 90 లీటర్లు, సగటు 17.2. బాగా నడిపేవాడికి ఆసుపత్రి ట్రిప్పులు, స్టేషన్ ట్రిప్పులు వేసి, ఆ సిగ్నళ్ల దగ్గర కాలిన డీజిలుకు అతన్నే బాధ్యుణ్ని చేస్తున్నాం. యజమానికి కాగితం మీద చూపించాక ఒప్పుకున్నారు. ఇప్పుడు ఏ రూటుకు ఆ రూటే పోలుస్తున్నాం.

లెక్కల మాస్టారు, హనుమకొండ

ఇంతకంటే మంచి ఉదాహరణ పాఠ్యపుస్తకంలో కూడా దొరకదు. విడివిడిగా చూస్తే ఒకరు, కలిపి చూస్తే మరొకరు మేలుగా కనిపించే దీన్ని సింప్సన్ విరోధాభాసం అంటారు. ఎడ్వర్డ్ సింప్సన్ 1951లో దీని గురించి రాశారు, ఉడ్నీ యూల్ 1903లోనే గమనించారు. ఆ డ్రైవరుకు ఆ పేర్లు తెలియకపోవచ్చు, విషయం మాత్రం పూర్తిగా తెలుసు. ఆయనకు నా నమస్కారం చెప్పండి.

ట్రిప్ షీట్, కరీంనగర్

తప్పకుండా చెబుతాను సార్. ఇంకో సంగతి కూడా రాయాలి. రూటు వారీ బోనస్ మొదలయ్యాక ఏసీ వేయడం లేదని ప్రయాణికుల ఫిర్యాదులు పెరిగాయి. మే నెలలో రామగుండం దాకా ఏసీ లేకుండా ఎవరు కూర్చోగలరు? మైలేజీ ఒక్కదానికే డబ్బు కడితే, లెక్కకు రానివన్నీ అక్కడ కోతపడతాయి. అందుకని బోనస్‌లో సగాన్ని ఫిర్యాదులు లేకపోవడానికి ముడిపెట్టాం.

పరకాల టీచర్

నాది బీమా లెక్క. ఎనుమాముల మార్కెట్ దారిలో పత్తి ట్రాలీ తగిలి మా కారు వెనక బంపర్ పగిలింది. బాగుచేయడానికి 9,000 అన్నారు. అందులో బంపర్ 6,000, మిగతాది రంగు, కూలి. "బీమా ఉంది కదా మేడమ్, క్లెయిమ్ పెట్టేయండి" అని షెడ్డులో అందరూ చెప్పారు. ఇంటికి వచ్చి పాలసీ కాగితాలు ముందేసుకున్నాను.

భాగాల అరుగుదల కింద కోత వేయకుండా ఇచ్చే జీరో డిప్రిసియేషన్ మాకు లేదు. ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇస్తారు, అక్కడే 3,000 పోయింది. 1,500 సీసీ లోపు కారుకు తప్పనిసరి కోత 1,000. రంగులోనూ కొంత తీసేస్తారు. చేతికి ఐదు వేలు కూడా రావు. ఇక అటువైపు చూడండి. క్లెయిమ్ లేని ఏళ్లకు ఇచ్చే ఎన్‌సీబీ రాయితీ 20, 25, 35, 45, 50 శాతంగా మెట్లెక్కుతుంది. ఒక్క క్లెయిమ్ పెడితే సున్నాకు దిగుతుంది. మేము 35 మెట్టు మీద ఉన్నాం. రాయితీకి ముందు సొంత నష్టం ప్రీమియం పది వేలు అనుకుంటే, క్లెయిమ్ పెట్టకపోతే వచ్చే ఏడు 5,500, ఆ తర్వాత ఏటా 5,000 కడతాం. పెడితే వరుసగా 10,000, 8,000, 7,500, 6,500, 5,500. తేడాలు కూడితే 12,000. ఐదు వేల కోసం పన్నెండు వేలు! జేబులోంచే కట్టి బంపర్ వేయించాను. ఈ రాయితీ థర్డ్ పార్టీ భాగానికి, అంటే ఎదుటివాళ్లకు జరిగే నష్టం కోసం కట్టే ప్రీమియానికి, వర్తించదు, లెక్క వేసేవాళ్లు దాన్ని కలపకండి.

లెక్కల మాస్టారు, హనుమకొండ

టీచర్ గారూ, నిర్ణయం సరైనదే. ఆ 12,000 మాత్రం పైహద్దు. వచ్చే ఏళ్లలో ఇంకో క్లెయిమ్ తప్పనిసరైతే మీరు దాచుకున్న రాయితీ ఎలాగూ పోతుంది. ఏటా అలా జరిగే అవకాశం పదింట ఒకటి అనుకుంటే రెండో ఏటి తేడాను 0.9తో, మూడో ఏటిదాన్ని 0.81తో, అలా గుణించుకుంటూ పోవాలి. అప్పుడు దాదాపు 10,600 వస్తుంది. కారు విలువతోపాటు ప్రీమియం తగ్గుతుంది కనుక ఇంకాస్త తగ్గించుకోవచ్చు. అయినా ఐదు వేలు దాని దరిదాపుల్లోకి రావు.

కాజీపేట జంక్షన్

వారం వారం హైదరాబాద్ ఉప్పల్ వెళ్లొస్తాను. వేగం గురించి ఒక లెక్క. 120 కిలోమీటర్ల దూరం అనుకోండి. గంటకు 60 నుంచి 80కి పెంచితే అరగంట కలిసివస్తుంది. 80 నుంచి 100కి పెంచితే 18 నిమిషాలు. 100 నుంచి 120కి పెంచితే 12 నిమిషాలే. కానీ ఆ ఆఖరి మెట్టులో బండి గతిజశక్తి (వేగం వల్ల దానికి వచ్చే శక్తి) 44 శాతం పెరుగుతుంది, ఎందుకంటే అది వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. పైగా నాలుగు వరుసల రోడ్డు మీద కార్లకు గరిష్ఠ పరిమితే 100. జనగామ దాటాక వెనక లైట్లు కొడుతూ దూసుకుపోయే వాళ్లకు ఈ పన్నెండు నిమిషాల సంగతి చెప్పాలని ప్రతిసారీ అనిపిస్తుంది. వాళ్లలో చాలామంది టోల్‌గేటు దగ్గర నా ముందు లైనులోనే కనిపిస్తారు.

టోల్ సంగతి వచ్చింది కాబట్టి: 2025లో 3,000 రూపాయలతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ జాతీయ రహదారులకు, జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేలకే చెల్లుతుంది, ఏడాది గానీ 200 దాటింపులు గానీ ఏది ముందైతే అంతవరకు. రాజీవ్ రహదారి రాష్ట్ర రహదారి, అక్కడ పనికిరాదు. కరీంనగర్ వైపు తిరిగేవాళ్లు చూసుకుని కొనండి.

రాత్రి డ్యూటీ, మంచిర్యాల

నేను ఎమర్జెన్సీ వార్డు నర్సును. ఒక వాదన వింటే నాకు కడుపు మండిపోతుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్రం లెక్క. అందులో ద్విచక్ర వాహనాల వాళ్లు 44.5 శాతం, సుమారు 75 వేలు. హెల్మెట్ లేకుండా పోయినవాళ్లు 50,029 మంది. "అంటే మూడింట ఒక వంతు మంది హెల్మెట్ పెట్టుకున్నా పోయారు, ఇంకెందుకు అది" అని చదువుకున్నవాళ్లే మాట్లాడతారు. మాస్టారూ, దీనికి గట్టి జవాబు ఎలా చెప్పాలి?

లెక్కల మాస్టారు, హనుమకొండ

చెల్లెమ్మా, చనిపోయినవాళ్లను మాత్రమే లెక్కపెడితే ఎటూ తేలదు. బతికి తిరుగుతున్నవాళ్లలో ఎంతమంది పెట్టుకుంటారో కూడా కావాలి. రోడ్డు మీద వందకు 60 మంది హెల్మెట్ పెట్టుకుంటారని, మరణాల్లో మూడింట రెండు వంతులు మిగతా 40 మందివే అని ఊహించండి. ఒక్కొక్కరి లెక్కన చూస్తే లేనివాళ్లకు ముప్పు మూడు రెట్లు. పెట్టుకునేవాళ్లు ఇరవై మందే అని ఊహిస్తే అవే మరణాలు తలకిందుల జవాబిస్తాయి. అందుకే మరణాల పట్టిక ఒక్కటే చూసి హెల్మెట్‌ను మెచ్చుకోవడమూ కుదరదు, తీసిపారేయడమూ కుదరదు. ప్రమాదానికి గురైనవాళ్లలోనే పెట్టుకున్నవారిని, పెట్టుకోనివారిని పోల్చాలి. అలాంటి అధ్యయనాలను కలిపి చూసిన కాక్రేన్ అనే వైద్య పరిశోధన సంస్థ సమీక్షలో హెల్మెట్ మరణ ముప్పును దాదాపు 42 శాతం, తల గాయాల ముప్పును 69 శాతం తగ్గిస్తుందని తేలింది. వాదించేవాళ్లకు ఈ రెండు అంకెలు చెప్పండి.

రాత్రి డ్యూటీ, మంచిర్యాల

42, 69. డ్యూటీ గది గోడ మీద రాసి పెడతాను సార్.

రోడ్ల ఇంజినీరు, జగిత్యాల

ఈ చర్చలో ఇది కూడా చేరాలి. జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో మరణాలు లేదా తీవ్ర గాయాలైన ప్రమాదాలు ఐదు జరిగినా, పది మంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. అక్కడ రంబుల్ స్ట్రిప్పులు (వేగం తగ్గించమని కుదిపే అడ్డపట్టీలు) వేస్తాం, మరుసటి ఏడాది ప్రమాదాలు తగ్గుతాయి, ఫొటోలు దిగుతాం. కానీ మనం ఎంచుకున్నదే బాగా చెడ్డ కాలాన్ని చూసి. ఏమీ చేయకపోయినా అందులో కొంత దానంతటదే తగ్గేది. సగటు వైపు మళ్లడం అనే ఈ గుణాన్ని ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త 19వ శతాబ్దంలోనే గుర్తించాడు.

పరకాల టీచర్

అయితే పని చేయించకూడదా? మా ఊరి మలుపు దగ్గర బోర్డు కోసం ఎన్ని అర్జీలు పెట్టామో మీకు తెలియదు.

రోడ్ల ఇంజినీరు, జగిత్యాల

తప్పకుండా చేయించాలి మేడమ్. మలుపు కనిపించకపోతే, దీపం లేకపోతే, డివైడర్‌లో ఎవరో దారి తెరిచేస్తే ఐదు ప్రమాదాలు జరిగేదాకా ఆగకూడదు. నేను చెప్పేది ఫలితం కొలిచే పద్ధతి గురించి. పని చేసిన చోటును, అంతే చెడ్డగా ఉండి పని ఇంకా చేయని చోటుతో పోల్చాలి. అప్పుడే రంబుల్ స్ట్రిప్ పనిచేసిందో, దీపం పనిచేసిందో తెలుస్తుంది. ఉన్న కాస్త డబ్బు పనిచేసే దానికి వెళ్తుంది.

పీజీ విద్యార్థిని, వరంగల్

బస్సుకు చోటుందా సార్? సగటున 20 నిమిషాలకొక బస్సు అంటే పది నిమిషాలు నిలబడితే చాలనుకుంటాం. బస్సులు జంటగా వచ్చి, విరామాలు 5, 35, 5, 35గా ఉంటే సగటు 20 నిమిషాలే, కానీ మన నిరీక్షణ సగటు 15.6 నిమిషాలు. పెద్ద విరామంలోనే ఎక్కువమంది వచ్చి నిలబడతారు కదా. కాబట్టి బస్సులు పెంచడం ఒక్కటే కాదు, ఎడం పాటించినా మా సమయం మిగులుతుంది.

లెక్కల మాస్టారు, హనుమకొండ

చోటు తప్పకుండా ఉందమ్మా. హనుమకొండ బస్టాండులో ఒక పూట కూర్చుని బస్సులొచ్చే వేళలు రాసి తెస్తే క్లాసులో నువ్వే వివరించు.

ట్రిప్ షీట్ గారూ, ఒక నెల షీట్లు నకళ్లు తీసి పంపగలరా? మా పిల్లలతో రూటు వారీగా విడదీయిస్తాను.

ట్రిప్ షీట్, కరీంనగర్

యజమానిని అడిగాను సార్, సరే అన్నారు. డ్రైవర్ల పేర్లు, ప్రయాణికుల ఫోను నంబర్లు కొట్టేసి, బండి నంబరు బదులు ఏ, బీ, సీ అని రాసి పంపుతాను. ఏసీ వేశారా లేదా అన్న గడి కూడా ఈ నెల నుంచి చేర్చాం, దాన్నీ చూడమనండి.