హెడ్‌ఫోన్ ఆంప్‌లో గుంయ్‌మనే మోత, గేట్ పెడితే స్వరం తెగిపోతోంది

పాతూరు_తీగలు (అనంతపురం):
అందరికీ నమస్కారం. మాది రెండు గదుల ఇల్లు, అవతలి గదిలో ఎనిమిది నెలల పాప. అందుకే గిటార్‌కే గుచ్చుకునే బుల్లి హెడ్‌ఫోన్ ఆంప్ కొన్నా. గిటారు మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చేవి) ఉన్న స్ట్రాట్ రకం. పాప పడుకున్నాక రాత్రి పదిన్నరకి కూర్చుంటా. క్లీన్‌లో, అంటే గరుకు లేని మామూలు శబ్దంలో, పర్వాలేదు. గెయిన్ (సిగ్నల్‌ని పెంచే నాబ్) సగం దాటితే చాలు, చెవుల్లో గుంయ్‌మని ఒకటే మోత, దాని వెనక సన్నగా బుస. తీగల మీద చెయ్యి ఆనిస్తే తగ్గుతుంది, తీస్తే మళ్ళీ మొదలు.

నాయిస్ గేట్ (శబ్దం ఒక స్థాయి కంటే తగ్గితే మూసేసేది) పెట్టి చూశా. వాయించనప్పుడు నిశ్శబ్దమే. కానీ మోహనంలో గాంధారం మీద తీగ లాగి నిలిపితే, స్వరం సన్నబడే చోట కత్తెరేసినట్టు తెగిపోతోంది. నాకు కావాల్సిందే ఆ తోక. రోజంతా దుకాణంలో నిలబడి వచ్చాక మిగిలేది ఆ ముప్పావుగంటే. ఆంప్ మార్చాల్నా?

సోల్డరింగ్_మామ (కడప):
తొందరపడి అమ్మాకు తమ్ముడూ. నీకున్నవి రెండు శబ్దాలు, రెంటికీ మందు వేరు. గిటారు వాల్యూమ్ పూర్తిగా సున్నా చెయ్యి. అప్పుడూ మిగిలేది ఆంప్‌ది. పోయేది పికప్ గాల్లోంచి పట్టుకొచ్చేది.

సింగిల్ కాయిల్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్ల సన్న తీగ. తీగల కదలికతో పాటు ఇంట్లో 50 హెర్ట్జ్ కరెంటు అయస్కాంత క్షేత్రాన్నీ అది పట్టేస్తుంది. దీనికోసమే 1955లో గిబ్సన్‌లో సేత్ లవర్ రెండు కాయిళ్ళను ఎదురెదురుగా కలిపే హంబకర్‌కి పేటెంట్ అడిగినాడు. నువ్వు సెలెక్టర్‌ని, అదే పికప్‌లను ఎంచుకునే స్విచ్‌ని, 2లోనో 4లోనో పెట్టి చూడు. చాలా గిటార్లలో నడిమి పికప్‌ని తిప్పి చుట్టింటారు, ఆ రెండు చోట్లా మోత కొట్టుకుపోతుంది.

ఇంకోటి. మీ ఫ్యాన్ రెగ్యులేటర్ మెట్లు లేకుండా జారిపోతూ తిరిగే రకమా? అది సెకనుకు వందసార్లు కరెంటు అలను కోస్తుంటాది. గిటారుకు దాన్ని మించిన శత్రువు లేదు.

బురుజుకాడ (కర్నూలు):
బుస సంగతి నేను చెప్తా అన్నా. మొబైల్‌కి వాడే 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్ పెట్టుకున్నావా? వాటి సెన్సిటివిటీ ఎక్కువ, ఆంప్ లోపలి సన్న శబ్దం కూడా పెద్దగా వినిపిస్తుంది. చెవి మొత్తం కప్పే, కాస్త ఎక్కువ ఇంపిడెన్స్ (ఓమ్‌లలో కొలిచే అడ్డు) ఉన్న హెడ్‌ఫోన్ తెచ్చుకో. గెయిన్ తగ్గించి గిటారు వాల్యూమ్ పూర్తిగా తెరువు. చార్జింగ్ పెట్టి మాత్రం వాయించొద్దు, చార్జర్ రొద నేరుగా వచ్చేస్తుంది. నాకు నెల రోజులు పట్టింది అది కనుక్కోడానికి.

పాతూరు_తీగలు:
మామా, నిన్న రాత్రి చేసి చూశా. వాల్యూమ్ సున్నా చేస్తే బుస మాత్రమే మిగిలింది. అంటే మోతంతా పికప్‌దే. గిటారు మెడలో వేసుకుని గది మధ్యలో నిలబడి మెల్లగా తిరిగా. గోడ మీది స్విచ్ బోర్డు వైపు పికప్‌లు ఉంటే మోత పొంగింది. పక్కకు పావువంతు తిరిగి వీధి కిటికీకి ఎదురుగా నిలబడేసరికి అణిగిపోయింది. తర్వాత రెగ్యులేటర్‌ని మూడు దగ్గర్నుంచి ఐదుకి తిప్పా. మోతలోని గరగర ఒక్కసారిగా పోయింది. చెవుల్లో అంత ఖాళీ ఉంటుందని నాకు తెలియనే తెలియదు. మా ఎండల్లో ఫ్యాన్ ఆపేది కుదరదు కాబట్టి, కెపాసిటర్ ఉండే మెట్ల రెగ్యులేటర్ వేయించుకుంటా.

సెలెక్టర్ 4లో పెట్టి, గేట్ బాగా కిందికి దించి గాంధారం లాగా. తోక పూర్తిగా వినపడింది. తమ్ముడూ, చెవులు కప్పే హెడ్‌ఫోన్ మా బామ్మర్ది దగ్గర తీసుకున్నా, బుస సగానికి పైగా తగ్గింది. ఇద్దరికీ చాలా రుణపడి ఉంటా. ఆదివారం గిటారు లోపల రాగి ఫాయిల్ కూడా అతికిద్దామనుకుంటున్నా, మంచిదేనా?

సోల్డరింగ్_మామ:
మంచిదే. అయితే అది రేడియో రకం గరగరను ఆపుతాది, గుంయ్‌ని పెద్దగా ఆపదు. ఫాయిల్ ముక్కలన్నీ ఒకదానికొకటి తగిలి, చివరకు గ్రౌండ్ తీగకు కలవాల. జాక్ మొన తగిలే చోట ఫాయిల్ ఆనితే అసలు శబ్దమే రాదు, ఆడ ఇన్సులేషన్ టేప్ వెయ్యి. మూసే ముందు ఒకసారి మల్టీమీటర్‌తో చూసుకో.