కోనసీమ తేమలో మంచుకొండ సామాను ఎలా దాచాలి?

లంకగాలి (అమలాపురం):
నమస్కారమండి. ఉత్తరకాశీలో పర్వతారోహణ బేసిక్ కోర్సు అయ్యాక సొంతంగా కొన్న సామాను ఇది: డౌన్ (మెత్తటి పక్షి ఈకల) స్లీపింగ్ బ్యాగు, డబుల్ బూట్లు (లోపల విడిగా ఇంకో బూటు ఉండేవి), క్రాంపాన్లు (మంచు మీద జారకుండా బూటు కింద బిగించే ఉక్కు మొనలు), ఐస్ యాక్స్, హార్నెస్ (తాడు కట్టుకునే నడుం పట్టీ), 50 మీటర్ల తాడు. మళ్ళీ మంచు మీదకి వెళ్ళేది వచ్చే మేలోనే. వానాకాలమంతా ఇవి అటక మీద ఉండాల్సిందే. బ్యాగు అప్పుడే ముక్కవాసన కొడుతోంది. ఏం చెయ్యాలి? ఇంకోటి, కొండన్నదే లేని చోట ఎక్కుడుకి కాళ్ళని ఎలా తయారు చేసుకోవాలి?

ఏటిగట్టు (రాజోలు):
ముందు అటక మీంచి దింపెయ్యండి. స్లాబు కింద వేడి, దానికి తోడు తేమ. మనవైపు సామాను మంచులో కన్నా ఇంట్లోనే ఎక్కువ పాడవుతుంది.

స్లీపింగ్ బ్యాగుని కుదించే సంచిలోంచి ఇప్పుడే తీసెయ్యండి. ఏసీ గదిలో ఒక పూటంతా పరిచి ఉంచి, తర్వాత పెద్ద నూలు సంచిలో వదులుగా వెయ్యండి. దుప్పటిని సంచీలా కుట్టించినా చాలు. పాలిథిన్ కవరు వద్దు, కలరా ఉండలు అసలే వద్దు, ఆ వాసన ఈకల్ని పట్టుకుని వదలదు. ఉతకడం జనవరి, ఫిబ్రవరిలో పెట్టుకోండి, ముసురులో ఉతికితే ఆరదు. మామూలు సర్ఫు ఈకల్లోని సహజమైన నూనెని లాగేస్తుంది కాబట్టి డౌన్ కోసం అమ్మే సబ్బే వాడాలి. టబ్బులో నానబెట్టి అదమాలి, పిండకూడదు. తీసేటప్పుడు ఒక అంచు పట్టుకుని లేపితే నీళ్ళ బరువుకి లోపలి అరల గుడ్డ చిరుగుతుంది. రెండు చేతులూ కిందనుంచి పెట్టి ఎత్తండి. నవారు మంచం మీద, నీడన, ఫ్యాను కింద రెండు మూడు రోజులు పడుతుంది. మధ్యమధ్యలో ఉండల్ని వేళ్ళతో విడగొట్టాలి. ఆరిందా లేదా అన్నది వెలుతురుకి పట్టి చూస్తే తెలిసిపోతుంది: నల్లగా ముద్దలు కనబడితే ఇంకా తడి ఉన్నట్టే.

బూట్ల సంగతి ఇంకా ముఖ్యం. అడుగుకీ పై భాగానికీ మధ్య ఉండే పాలీయూరిథేన్ పొర తేమకీ వేడికీ లోపల్లోపలే విరిగిపోతుంది, వాడకపోయినా సరే. పైకి కొత్తబూటులా ఉంటుంది, గ్లేసియర్ (కొండమీది మంచునది) మీద అడుగు ఊడొస్తుంది, దాంతోపాటు క్రాంపానూ పోతుంది. బొటనవేలి గోరుతో ఆ పొరని గట్టిగా నొక్కండి. రవ్వలా రాలినా, సన్నటి బీటలు కనబడినా ఆ బూటు కొండకి పనికిరాదు. జిగురు పెట్టి అతికిస్తాననే చెప్పులు కుట్టేవాళ్ళ మాట నమ్మకండి, పాడైంది జిగురు కాదు. దాచేటప్పుడు ఇన్నర్ బూటు విడిగా తీసి, రెంటినీ నీడనే ఆరబెట్టండి.

టెంటు కూడా ఉంటే తడిగా మడవకండి. లోపలి పూత జిగటగా తగిలి పుల్లటి వాసన వచ్చిందంటే దాని పని అయిపోయినట్టే.

జుమారు (కాకినాడ):
తేమ పీల్చే సిలికా జెల్ సంగతి కలుపుతాను. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అందులో అరకిలో నీలం గింజలు, ఒక చిన్న తేమ మీటరు. 60 శాతం దాటకుండా చూసుకోండి. గింజలు గులాబీ రంగుకి తిరిగితే సన్నసెగ మీద మళ్ళీ నీలం వచ్చేదాకా వేడి చెయ్యాలి. ఆ రంగు కోబాల్టుది, వంట మూకుడు వాడకండి. తడి పూర్తిగా పోని సామాను డబ్బాలో పెట్టి మూసేస్తే మాత్రం బూజుకి మీరే ఇల్లు కట్టిచ్చినట్టు.

క్రాంపాన్ మొనలు ఆకురాయితో చేత్తోనే పదును పెట్టాలి, అదీ అంచుల వైపు నుంచే. గ్రైండరు పెడితే వేడికి ఉక్కు గట్టిదనం పోయి మెత్తబడుతుంది. తర్వాత కుట్టుమిషన్ నూనె పలచగా తుడవండి, పట్టీలకి తగలనివ్వకండి. బూటుకి బిగించి, పట్టీ వెయ్యకుండానే ఎత్తి ఊపండి. ఊడి పడితే సైజు సరిగ్గా కుదరలేదన్నమాట.

సముద్రం దగ్గరున్నవాళ్ళు కారబైనర్లని (తాడు తగిలించే లోహపు కొక్కేలని) మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. ఉప్పుగాలికి పట్టే తెల్లపొడి తుడిస్తే పోతుంది. దాని కింద గుంటలు పడి ఉంటే ఆ కారబైనర్ పారెయ్యాల్సిందే.

మెట్లదారి (భీమవరం):
ఎక్కుడుకి నాలుగంతస్తుల అపార్టుమెంటు చాలు. అంతస్తుకి సుమారు 3 మీటర్లు, కింద నుంచి పైకి 12. యాభైసార్లు ఎక్కితే 600 మీటర్లు. బరువుకి నీళ్ళ సీసాలు: లీటరంటే కిలో. పది కిలోలతో మొదలుపెట్టి వారానికి రెండు చొప్పున పెంచి ఇరవై దగ్గర ఆపండి. పైకి వెళ్ళి నీళ్ళు పారబోసి దిగితే మోకాళ్ళకి మంచిదని అంటారు, నిజమే, కానీ కొండ మీద తొడలు పట్టేసేది దిగేటప్పుడు. అందుకని పదిహేను రోజులకోసారి బరువుతోనే నెమ్మదిగా దిగండి. ఏటి ఇసుకలో నడక మడమలకి పనికొస్తుంది.

ఎత్తుకి అలవాటు పడటం మాత్రం ఇక్కడ ఏం చేసినా రాదు. 3000 మీటర్లు దాటాక పడుకునే చోటు రాత్రికి 500 మీటర్లకి మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకో రోజు ఆగాలి. ఎంత దమ్మున్నవాళ్ళకైనా ఇదే లెక్క. మేలో తిరిగొచ్చాక మన ఎండకి ఒళ్ళు మళ్ళీ కుదురుకోడానికి పది పధ్నాలుగు రోజులు పడుతుంది, ఆలోగా మెట్లు వద్దు. కొండమీది చలికి కాలివేళ్ళు ఇంకా తిమ్మిరిగా ఉంటే వేడినీళ్ళ సంచి పెట్టకండి, స్పర్శ లేక కాలినా తెలీదు.

ఇంకోమాట, వెళ్ళేది అడ్వాన్స్ కోర్సుకే అయితే సామాను సంస్థవాళ్ళే ఇస్తారు. అప్పుడు మీ పాతబూట్ల గురించి బెంగక్కర్లేదు.

లంకగాలి:
చాలా థాంక్సండి. బూటుని గోరుతో నొక్కి చూశాను, గట్టిగానే ఉంది. తాడు గురించి ఎవరూ చెప్పలేదు. ఇన్వర్టర్ బ్యాటరీ పక్కన ఇనప పెట్టెలో పెట్టాను, పరవాలేదా?

జుమారు:
బ్యాటరీ పక్కనా! ఆసిడ్ తగిలితే నైలాన్ తినేస్తుంది, పైకి మరకైనా కనబడకపోవచ్చు, చేత్తో తడిమినా తెలీదు. పరీక్షించే దారి ఇంట్లో లేదు. ఆ తాడుతో ఇక ఎక్కొద్దు. హార్నెస్ కూడా అదే పెట్టెలో ఉంటే దానికీ ఇదే మాట. కొబ్బరిచెట్టు ఎక్కడానికని ఎవరైనా అడుగుతారు, ఇవ్వకండి. రెండేసి మీటర్ల ముక్కలు కోసేసి గేదెల్ని కట్టుకోడానికి పంచండి. కొత్త తాడు కొంటే వేరే గదిలో, నీడన, వదులుగా చుట్టి పెట్టండి. వాడకపోయినా పదేళ్ళు దాటాక అదీ తీసెయ్యాల్సిందే.