స్వరం కింద చుక్క పోకుండా ప్రింటయ్యే ప్రింటరు ఏది?

గోదావరి వీణ (రాజమండ్రి)

అందరికీ నమస్కారమండి. ఇంట్లోనే వీణ నేర్పుతాను. ఇప్పుడు 22 మంది పిల్లలు. అందులో ఇద్దరు నాకంటే పెద్దవాళ్లు, అయినా నా నోటికి అందరూ పిల్లలే.

స్వరసాహిత్యం కాగితాలు ఇన్నాళ్లూ వీధి చివర జిరాక్సు షాపులో తీయించేదాన్ని. పెన్‌డ్రైవు ఇస్తే ప్రింటు 5 రూపాయలు, జిరాక్సు 2. డబ్బుదేముంది గానీ పరీక్షల రోజులొస్తే అక్కడ నిలబడడానికి చోటుండదు. నా వర్ణం (అదొక రకం సంగీత రచన) కాగితాలు ఎవరి హాల్ టికెట్టు మధ్యలోనో వెళ్లిపోతాయి. అది చూసి పోయినేడు మా అబ్బాయి ఒక రంగుల ఇంకు ప్రింటరు కొనిపెట్టి వెళ్లాడు. కంపెనీ పేరు చెప్పను, తప్పు దానిదో నాదో ఇప్పటికీ తేలలేదు. వేసవిలో నెలన్నర మా అమ్మాయి దగ్గర ఉండి వచ్చేసరికి నలుపు రావడం మానేసింది. శుభ్రం చేసే మీట మూడుసార్లు నొక్కితే వచ్చింది, కానీ మధ్య మధ్య తెల్ల గీతలు. ఇంకు మాత్రం సీసాలో వేలెడు తగ్గిపోయింది.

అదలా ఉంచండి. నా అసలు బాధ చుక్క.

సంగీతం తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. మంద్రస్థాయి (కింది స్థాయి) స్వరానికి అక్షరం కింద చుక్క, తారస్థాయికి (పై స్థాయికి) పైన చుక్క. ఇప్పుడు 'రి', 'ని' చూడండి. వాటి నెత్తిన గుడి ఉంది, ఆ గుడి పైన చుక్క పెట్టాలి. ఇంకు కాస్త పాకిందంటే గుడీ చుక్కా కలిసిపోతాయి. 'ద' కింద చుక్క సాగితే 'ధ' అయి కూర్చుంటుంది. అందుకే మా గురువుగారు ధైవతానికి ఎప్పుడూ 'ద' అనే రాయించేవారు. పోయిన నెల ఒక పాప మోహన రాగంలో మంద్ర ధైవతం రావలసిన చోట, పంచమం తంతి మీద రెండో మెట్టు నొక్కవలసింది పోయి, సారణి (మొదటి తంతి) మీద తొమ్మిదో మెట్టుకి ఎగిరింది. కోప్పడబోయి కాగితం చూశాను. చుక్క లేదు. పిల్ల చదివినది చదివినట్టే వాయించింది మరి.

పైగా వీణ వాళ్లం ఎడమచేతి వేళ్లకి కొబ్బరినూనె రాసుకుంటాం, లేకపోతే తంతి మీద వేలు జారదు. ఆ వేళ్లతోనే కాగితం తిప్పుతాం. మే నెలలో దానికి చెమట తోడు. ఈ ప్రింటరు ఇంకు తడి తగిలితే చాలు, నీలి మబ్బులా పాకిపోతుంది.

ఇంకో రెండు సంగతులు. అటతాళ వర్ణంలో ఆవర్తనానికి (తాళం ఒక చుట్టుకి) 14 క్రియలు (చేత్తో వేసే దెబ్బలు, లెక్కలు), ఒక్కోదానికి 4 చొప్పున 56 అక్షరాలు. అది ఒకే వరుసలో పట్టాలి. విరిగి కింద వరుసకి వస్తే పిల్లలు అక్కడే తాళం వదిలేస్తారు. రెండోది, సుబ్బరామ దీక్షితులుగారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని (1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలోనే అచ్చయింది) స్కాను పేజీలు కొన్ని తీసుకోవాలి. అందులో గమకాల (స్వరాన్ని ఊపి పలికించే తీరుల) గుర్తులున్నాయి. మూడు చుక్కల్లో పైన ఒకటి, కింద రెండు ఉంటే స్ఫురితం. పైన రెండు, కింద ఒకటి ఉంటే ప్రత్యాహతం. చుక్కలు అలికినట్టు వస్తే ఏది ఏదో దేవుడికెరుక.

రంగులు అక్కర్లేదు. నెలకి 150 కాగితాలు ఉండొచ్చు, సెలవుల్లో ఒక్కటీ ఉండదు. 15 వేలు అనుకున్నాను, తప్పదంటే 20. ఏ3 ప్రింటరు కొనాల్సిందేనా? కాస్త చెప్పండి బాబూ.

డీటీపీ కాకినాడ

అమ్మా, నమస్కారం. 23 ఏళ్ల నుంచీ షాపు నడుపుతున్నానండి. మీరు తిట్టే జిరాక్సు షాపుల్లో మాదీ ఒకటనుకోండి ఆయ్.

మీకు కావలసింది నలుపు లేజరు. ఇంకో ఆలోచన పెట్టుకోకండి. మీ ఇంట్లో ఉన్నదాంట్లో పోసేది డై ఇంకు అయ్యుంటుంది. అది నీళ్లలో కరిగే రంగు, కాగితం నారలోకి ఇంకుతుంది, ఇంకేటప్పుడు పక్కకి పాకుతుంది. చుక్క లావవడం, తడి తగిలితే కరగడం రెండూ అందుకే. లేజర్లో ఇంకు ఉండదండి. ప్లాస్టిక్ పొడిని వేడిమీద కరిగించి కాగితానికి అంటిస్తుంది. చెమటకి పాకదు, ఆరు నెలలు ముట్టుకోకపోయినా ఎండదు. నూనెకి కాగితం మరక పడుతుంది గానీ అక్షరం చెదరదు.

ఇంకు ట్యాంకే కావాలనుకుంటే నలుపు పిగ్మెంటు (నీళ్లలో కరగని రంగు) ఉన్నది చూసుకోవాలి. ఎప్సన్ ఎం1100 అలాంటిదే, కానన్ జీ సిరీసుల్లో కూడా చాలావాటికి నలుపు వరకు పిగ్మెంటే. అవి తడికి తట్టుకుంటాయి. కానీ సెలవుల్లో నెలన్నర మూత పెడితే వాటికీ ముక్కు దిబ్బడ తప్పదు. వారానికో కాగితం తీస్తూ ఉండాలి. మీతో అయ్యే పని కాదు.

లేజర్లో కానన్ ఎల్‌బీపీ 2900బీ మా లైన్లో ముసలి గుర్రం. 12ఏ కార్ట్రిడ్జి పడుతుంది, 2000 పేజీలన్నది కంపెనీ లెక్క, ఏ ఊళ్లో అయినా రీఫిల్ చేసేవాడు దొరుకుతాడు. రెండు వైపులా మాత్రం తనంతట తను వేయదు, మీరే తిప్పి పెట్టాలి. కొత్తది కొనేటట్టయితే బ్రదర్ హెచ్‌ఎల్-ఎల్2321డీ లాంటిది తీసుకోండి. రెండు వైపులా అదే వేస్తుంది, కింద ట్రేలో 250 కాగితాలు పడతాయి. టోనరు, అంటే ఆ పొడి, 2600 పేజీల లెక్క. దాంట్లో డ్రమ్ము (పొడిని కాగితం మీదికి చేర్చే రోలరు) వేరే ఉంటుంది, 12 వేల పేజీలకి మార్చాలి. మీ లెక్కన ఆరేళ్లు దాటాకే. దీనికి వైఫై లేదు, వైరే.

ఇప్పుడు చుక్క గురించి ఒక మాట. లేజరు చుక్కని పోనివ్వదు గానీ లేని చుక్కని పెట్టగలదు! చౌక పొడి పోయించారనుకోండి, కాగితమంతా బూడిద చల్లినట్టు నలుసులు పడతాయి. మీ సంగీతంలో అవి తారస్థాయి అయి కూర్చుంటాయి. 12ఏ డ్రమ్ము మీద గీత పడితే ఒకే నిలువు వరుసలో సుమారు 75 మిల్లీమీటర్లకొకటి చొప్పున చుక్క పడుతూ పోతుంది, డ్రమ్ము చుట్టుకొలత అంతే కాబట్టి. అలా స్కేలు పెట్టి కొలిచినట్టు చుక్కలు కనబడితే త్యాగరాజస్వామిని అనుమానించకండి, కార్ట్రిడ్జిని అనుమానించండి.

ఏ3 అవసరం లేదమ్మా. లీగల్ కాగితం అడగండి, కోర్టు కాగితాలకి వాడుతూ వచ్చిన పొడుగుది. 216 × 356 మిల్లీమీటర్లు. అడ్డంగా వేస్తే 356 వెడల్పు వస్తుంది. అటూ ఇటూ 25 చొప్పున పోను 306 మిగులుతుంది. 56 అక్షరాలకి ఒక్కోదానికి అయిదున్నర మిల్లీమీటర్లు. ఏ4 అడ్డంగా అయితే 4.4 మాత్రమే. తాళం గీతలకి కొంత పోయినా లీగల్‌లో చదవగలుగుతారు. ఏ4 లేజర్లన్నీ దాదాపుగా లీగల్ కూడా లాగుతాయి.

రెండు జాగ్రత్తలు. లేజరుని ఇంట్లో ఇన్వర్టరు ప్లగ్గుకి పెట్టకండి. వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, ఇన్వర్టరు కుయ్యిమంటుంది. కాగితం కట్ట విప్పాక మిగిలినది మళ్లీ కవర్లోనే పెట్టండి. గోదావరి గాలికి చెమ్మ పట్టిన కాగితం లేజర్లో వేడి తగలగానే అప్పడంలా చుట్టుకుపోతుంది.

పేరు అక్కర్లేదు

ఈ రోజుల్లో ప్రింటర్ ఏంటండీ. ఒక పెద్ద ట్యాబ్ తీసుకుంటే అన్నీ అందులోనే ఉంటాయి కదా.

గోదావరి వీణ (రాజమండ్రి)

నాయనా, 22 మందికీ ట్యాబులు నువ్వు కొనిపెడతావా? పద్మాసనం వేసుకుని, వీణకుండే చిన్న బుర్ర ఎడమ తొడ మీద పెట్టుకుని, నూనె వేలితో అద్దాన్ని తాకితే పేజీ ఎటు పోతుందో చూశావా ఎప్పుడైనా? నేను చూశాను.

క్వాయర్ కీబోర్డు (గుంటూరు)

టీచర్‌గారూ, నాది మీ సంగీతం కాదు, చర్చిలో కీబోర్డు వాయిస్తాను. మాది అయిదు గీతల స్టాఫ్ నొటేషన్. అయినా మీ చుక్క బాధ నాకు బాగా అర్థమైంది. మాకు నోటు పక్కన చుక్క పెడితే కాలం సగం పెరుగుతుంది, పైనో కిందో పెడితే తుంచి వాయించాలి. చుక్క జరిగితే పాట మారిపోతుంది.

కాకినాడ అన్న చెప్పిన లేజరే నేనూ వాడుతున్నా. ప్రింటరు కంటే అక్షరం సైజు ముందు తేల్చుకోండి. మ్యూజ్‌స్కోర్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో అయిదు గీతల ఎత్తు సుమారు 7 మిల్లీమీటర్లుగా వస్తుంది. స్టాండు మీద, కూర్చున్న కంటికి అది చాలు. మీ పిల్లలు నేల మీద పెట్టుకుని చూస్తారు, కంటికీ కాగితానికీ మూడడుగులుంటుంది. ఒక కాగితం 14లో, ఒకటి 18లో వేసి నేల మీద పెట్టి చూడండి. ప్రింటరు కొనకముందే సగం సమస్య తీరొచ్చు.

పేజీ తిప్పడం గురించి మాత్రం నా మాట వినండి. రెండు వైపులా ప్రింటు వస్తుందని సంబరపడి అన్నీ అలా వేయకండి. క్రిస్మస్ ఆరాధనలో నేను వెనక పేజీకి తిప్పబోయి మూడు కాగితాలు కింద పడేశాను. క్వాయర్ పాడుతూనే ఉంది, నేను పెడల్స్ దగ్గర పాకుతున్నా. అప్పటి నుంచి ఒకే వైపు వేసి, పక్కపక్కన పెట్టి, వెనక నుంచి పేపర్ టేపు అంటించి విసనకర్రలా మడుస్తున్నా. నాలుగు కాగితాల వరకూ స్టాండు మీద పరుచుకుంటాయి. తిప్పక తప్పదంటే చెయ్యి ఖాళీ ఉండే చోట పేజీ ముగిసేలా చూసుకుంటా.

కాగితం 75 జీఎస్ఎం అయితే వెనక వైపు అక్షరాలు ఇవతలికి లీలగా కనబడతాయి. నీడ చుక్కలు మీకు అసలే వద్దు. 100 జీఎస్ఎం తీసుకోండి, ఫ్యాను గాలికి ఎగరదు కూడా.

ఇంకోటి, డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది. లేజరు కాగితాన్ని మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి. ఎండాకాలం బీరువా మీద ఉంచిన నా ఫైలు తెరిస్తే నోట్లన్నీ కవరుకి అంటుకుని ఊడొచ్చాయి. పాలీప్రొపిలీన్ కవర్లకి ఆ గొడవ లేదు. నిగనిగలాడేవి కాక మసక రకం తీసుకుంటే ట్యూబులైటు మెరుపూ ఉండదు.

డాలస్ నాన్న

చిన్న విషయం, అయినా మా ఇంట్లో ఏడాది పాటు వేధించింది. మా అమ్మాయి స్కూల్ ఆర్కెస్ట్రాలో వయొలిన్, ఇంట్లో కర్ణాటకం. ఇక్కడి కాగితం లెటర్ సైజు, 216 × 279 మిల్లీమీటర్లు. ఏ4 కంటే 6 వెడల్పు ఎక్కువ, 18 పొడుగు తక్కువ. ఇండియా నుంచి గురువుగారు పంపే ఏ4 పీడీఎఫ్ ఇక్కడ ప్రింటిస్తే ప్రింటరు తనంతట తనే కుదించేస్తుంది. మీకు తిరగేసి జరుగుతుంది. నెట్‌లో దొరికే స్టాఫ్ నొటేషన్ చాలావరకు లెటర్ సైజులో ఉంటుంది. ప్రింటు ఇచ్చేముందు 'ఫిట్' అని ఉంటే తీసేసి 'యాక్చువల్ సైజు' పెట్టండి. లీగల్ వాడేటప్పుడు ఫైల్లోనూ లీగల్, ప్రింటరు సెట్టింగులోనూ లీగల్ ఉండాలి. ఒక చోట మరిచిపోతే చివరి స్వరాలు గాల్లో కలిసిపోతాయి.

గోదావరి వీణ (రాజమండ్రి)

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పడం మర్యాద.

గుంటూరు తమ్ముడు చెప్పినట్టు ముందు జిరాక్సు షాపుకే వెళ్లి 14, 16, 18లో మూడు కాగితాలు తీయించి పిల్లల ముందు నేల మీద పెట్టాను. చిన్నపిల్లలకి 16 చాలింది. నాకూ, నాకంటే పెద్ద పిల్లలిద్దరికీ 18 కావలసి వచ్చింది. తర్వాత బ్రదర్ నల్ల లేజరు కొన్నాను. నా 15 వేలకి లోపలే వచ్చింది. రంగుల ప్రింటరు మా మనవరాలి బొమ్మలకి వదిలేశాను.

భైరవి అటతాళ వర్ణం లీగల్ కాగితం మీద ఒక్కో ఆవర్తనం ఒక్కో వరుసలో వచ్చింది. చూసుకుని మురిసిపోయాను. 'ని' పైన చుక్క గుడికి అంటకుండా విడిగా, ఆవగింజంత. పిల్లలు నూనె చేతులతో ఎంత నలిపినా మరక కాగితానిదే, అక్షరం అలాగే ఉంది. దీక్షితులుగారి పేజీలు మొదట వేసినప్పుడు పాత కాగితం పసుపంతా బూడిదరంగై పేజీ నిండింది. కాకినాడ బాబుకి ఫోటో పంపితే, ముందు ఫోన్లోనే నలుపు-తెలుపు చేసి తర్వాత వెయ్యమన్నాడు, లేకపోతే టోనరంతా ఆ బూడిదకే పోతుందట. అలా చేశాక స్ఫురితం స్ఫురితంలా ఉంది.

ఒక్క పొరపాటు నాదే. ఫైల్లో పెడదామని పంచింగ్ మిషనుతో కన్నాలు కొట్టాను. కన్నం సరిగ్గా మొదటి 'స' మీద పడింది. 22 కాపీలకీ.

ఎడమవైపు ఎంత వదలాలి?

డీటీపీ కాకినాడ

ఒక అంగుళం వదలండమ్మా. ఉన్న 22 కాపీలూ పారేయకండి, కన్నం పక్కన పెన్నుతో 'స' రాయించండి. చుక్క మాత్రం మీరే పెట్టండి.

గోదావరి వీణ (రాజమండ్రి)

అది మధ్యస్థాయి షడ్జం బాబూ. చుక్క ఉండదు.

డీటీపీ కాకినాడ

ఆయ్.