పైథాన్‌లో రీడ్(0): ఫైలు అయిపోయిందా, మనమే ఏమీ అడగలేదా?

ప్రశ్న (మారతహళ్ళి, బెంగళూరు)
టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ళకి పైథాన్ ఫైల్ హ్యాండ్లింగ్ చెబుతున్నానండి. పైథాన్ అధికారిక ట్యుటోరియల్‌లో ఫైలు చదివే రీడ్(సైజు) గురించి ఏముందంటే, సైజు ఇవ్వకపోయినా, నెగటివ్ ఇచ్చినా ఫైలంతా చదువుతుంది. లేదంటే ఎక్కువలో ఎక్కువ మనం చెప్పినన్ని క్యారెక్టర్లు. ఫైలు అయిపోతే ఖాళీ స్ట్రింగ్. మరి సున్నా ఇస్తే? మదనపల్లె అమ్మాయి అడిగింది. రన్ చేసి చూశాం, ఫైల్లో బోలెడు డేటా ఉన్నా ఖాళీ స్ట్రింగే వచ్చింది. మా కోడ్‌లో సైజు లెక్కకట్టి పంపుతాం, ఒక్కోసారి సున్నా అవుతుంది. లూప్ ఫైలు అయిపోయిందనుకుని ఆగిపోతుంది, ఎర్రర్ కూడా రాదు. ఇది రాసి తీరాల్సిన విషయం కాదా?

జవాబు 1
సున్నా అడిగితే సున్నా ఇచ్చింది, తప్పేముందండీ? ట్యుటోరియల్‌లో ఇవన్నీ పెడితే కొత్తవాళ్ళు బెదిరిపోతారు. పైథాన్ డాక్యుమెంటేషన్‌లో ఐఓ (io) మాడ్యూల్ పేజీకెళ్ళి రాఐఓబేస్ (RawIOBase, బైట్లుగా చదివే క్లాస్) రీడ్ చూడండి. సున్నా బైట్లు వచ్చి, అడిగిన సైజు సున్నా కాకపోతేనే ఫైలు అయిపోయినట్టు అని ఉంది. టెక్స్ట్ఐఓబేస్ (TextIOBase, టెక్స్ట్‌గా చదివే క్లాస్) దగ్గర సైజు నన్ (None, అంటే ఏ విలువా లేదని) అన్నా నెగటివ్ అన్నా ఒకటేనని కూడా ఉంది.

ప్రశ్న అడిగినవారు
చూశాను, థాంక్సండి. ఆ "సైజు సున్నా కాకపోతేనే" అన్న ముక్కే ట్యుటోరియల్‌లో కావాలి నాకు. సున్నాకి సున్నా అని ఎవరికి వాళ్ళు ఊహించుకోవాలంటే, రీడ్‌లైన్స్(0) కొట్టి చూడండి. లైన్లన్నీ ఇచ్చేస్తుంది! అక్కడ హింట్ (సుమారు ఎంత చదవాలో చెప్పే సంఖ్య) సున్నా అయినా, నెగటివ్ అయినా, నన్ అయినా అసలు ఇవ్వనట్టే లెక్క. పక్కపక్కనుండే రెండు మెథడ్లు ఒకే సున్నాని చెరోలా తీసుకుంటుంటే కొత్తవాళ్ళు దేన్ని నమ్మాలి?

జవాబు 2
అన్నా, పనిలో పనిగా క్యారెక్టర్ సంగతి కూడా చెప్పు వాళ్ళకి. ఫైల్లో "తెలుగు" అని ఉంటే టెక్స్ట్ మోడ్‌లో రీడ్(1) "త" ఒక్కటే ఇస్తుంది, ఎత్వం తర్వాతి రీడ్‌లో విడిగా వస్తుంది. మొత్తం 6 క్యారెక్టర్లు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. బైట్లుగా చదివే బైనరీ మోడ్‌లో రీడ్(4) అడిగితే ఎత్వం మధ్యలో తెగుతుంది, డీకోడ్ చేస్తే ఎర్రర్.

ప్రశ్న అడిగినవారు
ఇది రేపే చూపిస్తా తమ్ముడూ. మా కోడ్‌లో సైజు సున్నా అయితే రీడ్ దాకా పోనివ్వకుండా పైనే చెక్ పెట్టాం. ట్యుటోరియల్‌కి ఈ వాక్యం పంపుతున్నా: "సైజు సున్నా అయితే ఫైల్లో ఎక్కడున్నా ఖాళీ స్ట్రింగే వస్తుంది, దాన్నిబట్టి ఫైలు అయిపోయిందనుకోకూడదు." ఇంగ్లీషులోకి మార్చాక ఎవరైనా ఒకసారి చూసిపెడతారా?