వాకింగ్ బ్యాచ్‌కి వంటల పార్టీ: నూనె తగ్గాలి, రుచి తగ్గకూడదు. ఏం వండిద్దాం?

బాల్కనీ తులసి

అందరికీ నమస్తే. మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్‌లో పొద్దున్నే నడిచేవాళ్ళం పన్నెండు మందిమి. నెలకోసారి ఒకరింట్లో కలుస్తాం. చిక్కంతా అక్కడే. నెల రోజులు చెమటోడ్చి కరిగించింది ఒక్క పూటలో తిరిగొచ్చేస్తోంది. పోయిన నెల మెనూ చెప్తాను, నవ్వకండి: మిర్చి బజ్జీ, చికెన్ బిర్యానీ, బగారా బైంగన్, డబుల్ కా మీఠా, దాని మీద ఐస్‌క్రీమ్. తర్వాత మూడు రోజులు ట్రాక్ మీద ఒక్కరూ కనబడలేదు.

ఈసారి వంతు మాది. బయటి నుంచి ఏమీ తెప్పించను, నాలుగింటికల్లా వచ్చేస్తే అందరం కలిసి వండుకుని తిందాం అని గ్రూపులో పెట్టేశాను. పెట్టాక టెన్షన్ మొదలైంది. నాలుగు బర్నర్ల స్టవ్, ఇడ్లీ కుక్కర్, గుంట పొంగనాల పెనం, మా అత్తగారి నాటి రోలు ఉన్నాయి. నలుగురు శాకాహారులు, ఇద్దరికి షుగర్. కేలరీలు తగ్గాలి, కానీ పథ్యం కూడులా ఉండకూడదు. ఇలా ఎవరైనా చేసి ఉంటే చెప్పండి. ఓట్స్ ఉప్మా మాత్రం వద్దు, మా ఆయన ఇంట్లోంచి వెళ్ళిపోతారు.

ఉల్లికాడ

ముందు నా భాగోతం వినండి, నేను చేసిన తప్పు మీరు చేయకుండా ఉంటారు. పోయినేడు మా పెళ్ళిరోజుకి ఉత్సాహం కొద్దీ అన్నీ ఆరోగ్యమే పెట్టాను. ఉడికించిన మొలకలు, ఉప్పు తక్కువ సూప్, పొడి పుల్కాలు, ఆవిరి మీద బ్రకోలీ. మా బావగారు మర్యాదగా రెండు ముద్దలు తిని "చాలా బాగుందమ్మా" అన్నారు. పదిన్నరకి చెత్త పడేద్దామని కిందికి వెళ్తే, వీధి చివర బండి దగ్గర ఎగ్ నూడుల్స్ తింటూ దొరికారు అందరూ. బావగారు రెండో ప్లేటులో ఉన్నారు.

నాకు అర్థమైంది ఒకటే. పులుపు, కారం, పోపు వాసన ఉంటే నూనె తగ్గిందని ఎవరికీ తెలీదు. అవి కూడా తీసేశామా, మొదటి ముద్దలోనే పట్టేస్తారు.

గోదారి గట్టు

తులసి గారూ, గుంట పొంగనాల పెనం ఉందంటే సగం పని అయిపోయినట్టే. మాది అమలాపురం దగ్గర, గారెలు లేకపోతే చుట్టాలు వచ్చినట్టే ఉండదు మాకు. ఒకసారి అనుమానం వచ్చి, కడాయిలో పోసే ముందు ఒకసారి, వేయించడం అయ్యాక ఒకసారి నూనె తూచాను. ఇరవై గారెలకి వంద గ్రాముల దాకా తగ్గింది. గారెకి అయిదు గ్రాములన్నమాట. అదే మినప్పిండి పొంగనాల పెనంలో వేస్తే గుంటకి రెండు చుక్కలు చాలు. అచ్చం గారె రుచే వస్తుందని అబద్ధం చెప్పను. అల్లం పచ్చడితో పెడితే మాత్రం పళ్ళెం ఖాళీ అవుతుంది.

రుబ్బే ఓపిక లేకపోతే ఒకరోజు పులిసిన ఇడ్లీ పిండి వాడండి. గిన్నెడు పిండికి అర గిన్నె సన్నగా తరిగిన ఉల్లిపాయ, క్యారెట్ తురుము, పచ్చిమిర్చి, కొత్తిమీర, చిటికెడు జీలకర్ర. మూత పెట్టి సన్న సెగ మీద మూడు నిమిషాలు, తిప్పి ఇంకో రెండు. పన్నెండు మందికి ఒక్క పెనం ఎటూ చాలదు, పక్కింటి వాళ్ళది కూడా అడిగి తెచ్చుకోండి.

లెక్కల మాస్టారు

రిటైరైన లెక్కల టీచర్ని, చాదస్తం అనుకోకపోతే ఒక మాట. నూనె ఏదైనా గ్రాముకి తొమ్మిది కేలరీలు. వేరుశనగ నూనె అయినా అంతే, ఖరీదైన ఆలివ్ నూనె అయినా అంతే. టేబుల్ స్పూనుకి 120 దాకా పడతాయి. మనం డబ్బా వంచి పోస్తే ఎన్ని స్పూన్లు పడిందో దేవుడికే తెలియాలి.

అందుకని మా ఇంట్లో పార్టీ ఉన్న రోజు ఒక చిన్న సీసాలో నూనె కొలిచి స్టవ్ పక్కన పెడతాను. పన్నెండు మందికయితే 150 మిల్లీలీటర్లు. డబ్బా అటకెక్కుతుంది. 150 మిల్లీలీటర్లంటే సుమారు 138 గ్రాములు, 1240 కేలరీలు, తలకి వంద చిల్లర. పోపులు, కూరలు, పొంగనాలు అన్నీ ఆ సీసాలోంచే. ఇక చూడండి తమాషా. వంకాయ కూర చేసే ఆయన పొంగనాలు వేసే ఆవిడ దగ్గరికి వెళ్ళి "ఒక స్పూను అప్పివ్వండి" అని బేరాలాడతాడు. ఎవరికీ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, సీసాయే చూసుకుంటుంది.

ఇంకో సంగతి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, 2000 కేలరీల రోజు భోజనానికి కూరగాయలు 400 గ్రాములు, ధాన్యాలు 250, నూనె, కొవ్వులు 27 అని ఉంది. మన ఇళ్ళలో మొదటి రెండు అంకెలూ తారుమారుగా ఉంటాయి.

కందనవోలు కారం

మాస్టారూ, సీసా కిటుకు బ్రహ్మాండం. కానీ అసలు దొంగ సీసాలో లేడు, పల్లీల డబ్బాలో ఉన్నాడు. మా కర్నూలు వైపు చట్నీలో పల్లీలు, కూరలో పల్లీల పొడి, చిత్రాన్నంలో పల్లీలు. వంద గ్రాములకి 560 కేలరీల పైమాటే. పల్లీలు చెడ్డవని అనను, ఆ మాట అంటే మా ఊళ్ళోకి రానివ్వరు. గుప్పిళ్ళతో వేసేటప్పుడు లెక్క గుర్తుండాలంతే.

నేను చేసేది: చట్నీలో సగం పల్లీలు, సగం పుట్నాలు. గుత్తి వంకాయలో కొబ్బరి, జీడిపప్పు ముద్ద బదులు పుట్నాల పొడి, మగ్గబెట్టిన ఉల్లిపాయ, ఒక్క చెంచా వేయించిన నువ్వులు, చింతపండు గుజ్జు, ధనియాల పొడి. చిక్కదనం అదే వస్తుంది. మూత మీద నీళ్ళు పోసి మగ్గిస్తే అడుగంటదు, నూనె కూడా మళ్ళీ మళ్ళీ అడగదు. బీరకాయ తొక్కు పారేయకుండా రోట్లో పచ్చడి చేయించండి. రోలు ఉందన్నారుగా, రుబ్బడానికి మగాళ్ళు పోటీ పడతారు చూడండి.

ఫిట్‌నెస్ తమ్ముడు

అక్కా, ఇంత ఆలోచన ఎందుకు? బియ్యం బదులు కొర్రలు, చక్కెర బదులు బెల్లం. ఇక ఎంత తిన్నా బరువు పెరగరు.

లెక్కల మాస్టారు

బాబూ, కొర్రలూ బియ్యమూ పచ్చివి తూచి చూస్తే రెండూ వంద గ్రాములకి 330 నుంచి 360 కేలరీల మధ్యే ఉంటాయి. కొర్రల్లో పీచు ఎక్కువ, కాస్త తినగానే కడుపు నిండినట్టు ఉంటుంది. అంతవరకు మంచిదే. "ఎంత తిన్నా" అన్న చోట మాత్రం సున్నా మార్కులు. బెల్లం, చక్కెర రెండూ గ్రాముకి నాలుగు కేలరీలకి దగ్గర్లోనే. షుగర్ ఉన్నవాళ్ళకి "ఇది బెల్లంతో చేసింది, ఏం కాదు" అని దయచేసి పెట్టకండి.

ఫిట్‌నెస్ తమ్ముడు

సరే మాస్టారూ. మా జిమ్‌లో చెప్పింది ఇక్కడ చెప్పాను, ఇప్పుడు మీరు చెప్పింది జిమ్‌లో చెప్తాను.

మన్యం పొగ

అరకు, మారేడుమిల్లి వైపు వెళ్ళినవాళ్ళకి బొంగులో చికెన్ తెలిసే ఉంటుంది. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, ఆకుతో మూతి బిగించి నిప్పుల మీద కాలుస్తారు. కోడి ముక్కలో ఉన్న తడి, కొవ్వుతోనే ఉడుకుతుంది, విడిగా నూనెతో పని లేదు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో నిప్పులు రాజేస్తే వాచ్‌మన్ పరిగెత్తుకొస్తాడు కాబట్టి నేను అరిటాకుతో కానిస్తాను.

ఎనిమిది మందికి కిలోంపావు బోన్‌లెస్ చాలు. పెరుగు గుడ్డలో కట్టి గంటసేపు వేలాడదీసి, ఆ గట్టి పెరుగులో అల్లంవెల్లుల్లి, కారం, పసుపు, ధనియాల పొడి, ఉప్పు, నిమ్మరసం, దంచిన పుదీనా, పచ్చిమిర్చి కలిపి ముక్కలకి పట్టించి రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. అరిటాకుని మంట మీద అటూ ఇటూ చూపిస్తే మెత్తబడుతుంది, లేకపోతే మడిచేటప్పుడు చిరుగుతుంది. నాలుగేసి ముక్కలు పొట్లం కట్టి ఇడ్లీ కుక్కర్లో ఆవిరి పట్టాలి. ఒక పొట్లం విప్పి ముక్క కోసి చూడండి, లోపల ఎర్రగా ఉంటే ఇంకాసేపు ఉంచండి. ఆఖర్న పొట్లాలని అలాగే పొడి పెనం మీద రెండు నిమిషాలు కాల్చండి. ఆ మాడిన ఆకు వాసనే అసలు రుచి.

శాకాహారులకి ఇదే మసాలా మీల్ మేకర్‌కి పట్టించొచ్చు, నానబెట్టి నీళ్ళు గట్టిగా పిండేయాలి. పుట్టగొడుగులూ బాగుంటాయి. పనీర్ తేలికైన తిండి అనుకుంటారు చాలామంది, వంద గ్రాములకి 260 దాటుతుంది. ఒక హెచ్చరిక: శాకాహారం పొట్లాలు ముందు ఆవిరి పట్టి తీసేయండి, చికెన్ తర్వాతే. మసాలా గిన్నెలు కూడా వేరువేరుగా పెట్టండి. ఈ వరస తప్పి మా ఇంట్లో ఒకసారి పెద్ద గొడవే అయ్యింది.

సద్దిమూట

అన్నం బదులు జొన్న రొట్టె పెట్టండి అక్కా. నూనె చుక్క కూడా పడదు. మరిగిన నీళ్ళతో పిండి కలిపి, వేడి మీదనే గట్టిగా పిసకాలె, లేకుంటే అంచులు పగుల్తయి. అలవాటు లేనోళ్ళకి చేత్తో కొట్టుడు రాదు, రెండు ప్లాస్టిక్ కవర్ల నడుమ పెట్టి ఒత్తమనండి. పెనం మీద వేసినంక పైన తడిచేత్తో నీళ్ళు రాయాలె. వంకర టింకరగా వస్తే రానీయండి.

తోడు పచ్చి పులుసు. దీనికి స్టవ్వే వద్దు. చింతపండు నీళ్ళల్ల పచ్చి ఉల్లిగడ్డ, మంట మీద కాల్చి నలిపిన పచ్చిమిర్చి, జీలకర్ర పొడి, ఉప్పు, కొత్తిమీర. షుగర్ ఉన్నోళ్ళ గిన్నెల బెల్లం వేయకండి.

నైట్ డ్యూటీ

వంటల గురించి అందరూ చెప్పారు, గడియారం గురించి ఎవరూ చెప్పలేదు. నేను నర్సుని. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు వేళకి తినాలి. వంటల పార్టీలో ఎనిమిదింటి భోజనం పదింటికి అవుతుంది, అందరికీ కబుర్లే. మా పెద్దమ్మకి ఒక ఫంక్షన్లో ఇలాగే ఆలస్యమై, షుగర్ బాగా పడిపోయి, చెమటలు పట్టి చేతులు వణికాయి. చక్కెర నీళ్ళు తాగిస్తే గానీ తేరుకోలేదు.

కాబట్టి వచ్చినవాళ్ళకి వచ్చినట్టే శనగ గుగ్గిళ్ళో, పెసరపప్పు కోసంబరో చేతిలో పెట్టండి. ఆ ఇద్దరికీ మాత్రలు ఎప్పుడు, భోజనం ఎప్పుడు అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. మిగతావాళ్ళకి కూడా మంచిదే, ఆకలితో వంట చేసేవాళ్ళు రుచి చూసే వంకతో సగం తినేస్తారు. అన్నట్టు, కోసంబరిలో ఉప్పు వడ్డించే ముందే కలపండి. ముందు కలిపితే కీరా నీళ్ళు వదిలి చెరువవుతుంది.

డాలస్ వదిన

ఇక్కడ మేమూ ఇలాంటిదే పెట్టుకున్నాం. కాల్చిన వంకాయ పెరుగు పచ్చడి నా వంతు. మాది కాయిల్ స్టవ్, మంట ఉండదు. ఓవెన్‌లో పై సెగ పెట్టి కాల్చాను, గాట్లు పెట్టడం మర్చిపోయాను. టప్పుమని పేలి ఓవెన్ గోడలన్నీ వంకాయే. స్మోక్ అలారం మోగింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. మీకు గ్యాస్ ఉంది కాబట్టి హాయి, చాకుతో నాలుగు చోట్ల పొడిచి నేరుగా మంట మీద పెట్టండి. తొక్క తీసి మెదిపి, చల్లారాకే పెరుగు కలపాలి. పోపుకి ఒక్క టీస్పూను నూనె చాలు, ఇంగువ మాత్రం ధారాళంగా.

బాల్కనీ తులసి

నోట్‌బుక్ నిండిపోయింది, అందరికీ థాంక్స్. స్వీట్ ఏం పెట్టాలో ఎవరూ చెప్పలేదు. కొర్రల పాయసం అనుకున్నాను, మాస్టారి లెక్క చూశాక భయం వేసింది.

గోదారి గట్టు

ఆత్రేయపురం పూతరేకులు తెప్పించి ఒక్కొక్కటి మూడు ముక్కలు చేయండి. స్వీట్ పేరుతో ఏదో చప్పిడిది పెట్టే కంటే అసలుది కొంచెం పెట్టడం నయం. షుగర్ వాళ్ళకి జామకాయ ముక్కలు.

బాల్కనీ తులసి

నిన్న సాయంత్రం పార్టీ అయిపోయింది. ఎలా జరిగిందో రిపోర్టు రాస్తున్నాను.

అందరికంటే పేరు కొట్టేసింది పచ్చి పులుసు. గ్లాసుల్లో పోసుకుని తాగారు. అరిటాకు చికెన్ విప్పుతుంటే వాసనకి ఎదురింటి వాళ్ళు తలుపు తీసి చూశారు. రోలు దగ్గర నిజంగానే పోటీ పడ్డారు, ఒకాయన ఫోన్లో వీడియో తీయించుకుని మరీ రుబ్బారు, బీరపొట్టు పచ్చడి పేస్టు అయిపోయింది.

దెబ్బతిన్నవి కూడా చెప్పాలి. జొన్న రొట్టెలు పద్నాలుగు చేస్తే పెనం మీదికి ముక్కలు కాకుండా చేరినవి ఆరు. పిండి చల్లారిపోయింది, కబుర్లలో పడి పిసకలేదు. చివరికి కుక్కర్లో రెండు గ్లాసుల బియ్యం పెట్టాల్సి వచ్చింది. పొంగనాలు రెండు పెనాలున్నా గంటంబావు పట్టాయి, వేస్తున్న ఆవిడకి ఒక్కటీ మిగల్లేదు. ఆవిడ ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. షుగర్ ఉన్న ఇద్దరికీ ఏడున్నరకే విడిగా వడ్డించేశాను, ఆ సలహా ఇచ్చిన నర్సు గారికి దండం.

సీసాలో చివరికి ఓ పాతిక మిల్లీలీటర్లు మిగిలింది. అందరూ చప్పట్లు కొట్టాక, గుత్తి వంకాయ అంత బాగా ఎలా కుదిరిందా అని ఆరా తీస్తే, మా ఆయన నెయ్యి డబ్బా లుంగీ చాటున తెచ్చి రెండు చెంచాలు వేశారని తేలింది.

లెక్కల మాస్టారు

నెయ్యి రెండు టేబుల్ స్పూన్లంటే 230 కేలరీల పైన. పన్నెండు మందికి పంచితే ఇరవై. క్షమించేయండి.

ఫిట్‌నెస్ తమ్ముడు

అక్కా, మా ఇంట్లో ఇడ్లీ కుక్కర్ లేదు. అరిటాకు పొట్లాలు ప్రెషర్ కుక్కర్లో పెట్టొచ్చా? ఎన్ని విజిల్స్?

మన్యం పొగ

విజిల్ పెట్టకు తమ్ముడూ, వెయిట్ తీసేసి ఆవిరి పట్టు. అడుగున రెండు గ్లాసుల నీళ్ళు, మీద చిల్లుల ప్లేటు, పాతిక నిమిషాలు. మధ్యలో నీళ్ళు ఇగిరిపోకుండా ఒకసారి చూసుకో.