నెలలు నిండకముందే వచ్చే నొప్పులను విద్యుత్ ప్రేరణతో ఆపవచ్చా?

అందరికీ నమస్కారం. మేము ఉండేది హైదరాబాద్‌లోని మలక్‌పేటలో. మా చెల్లెలికి ఇప్పుడు 29వ వారం. నాలుగు రోజుల క్రితం అర్ధరాత్రి దాని కడుపు రాయిలా బిగుసుకోవడం మొదలైంది; పక్కన కూర్చుని క్యాలెండర్ కాగితం వెనక సమయాలు రాసుకుంటే, ఎనిమిది నిమిషాలకొకసారి వస్తున్నట్టు తేలింది. ఆసుపత్రిలో నొప్పులు తగ్గడానికి నిఫెడిపిన్ మాత్రలు, బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. నొప్పులు తగ్గాయి గానీ, ఈ మాత్రలు స్టెరాయిడ్ పనిచేసేందుకు ఒకటి రెండు రోజుల వ్యవధి సంపాదించడానికేనని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

గర్భాశయ కండరం కూడా గుండెలాగే విద్యుత్ సంకేతాలతో ముడుచుకుంటుందనీ, స్వల్ప విద్యుత్తుతో ఆ ముడుచుకోవడాన్ని అణచడానికి కుందేళ్లపై ప్రయోగాలు జరిగాయనీ చదివాను. ఫిజియోథెరపీలో వాడే టెన్స్ యంత్రం నొప్పి తెలియకుండా చేసేదే తప్ప దీనికి పనికొచ్చేది కాదు కనుక, ఇంట్లో దాన్ని ప్రయత్నించే ఉద్దేశం మాకు ఏమాత్రం లేదు.

ఈ పద్ధతిని గర్భిణులపై పరీక్షిస్తున్న వైద్యులు గానీ, అందులో పాల్గొన్నవారు గానీ మీకు తెలుసా? ఆ సమయంలో బిడ్డ గుండెను ఎలా గమనిస్తారు? శుక్రవారం మళ్లీ డాక్టరమ్మను కలుస్తున్నాం. ఆమెను ఏమేమి అడగాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.